డ్రైవ్ పెట్టాక మోటరు లోడు లాగడం లేదా? వోల్టేజీ, టార్క్ సెట్ చేసుకునే పద్ధతి

హైదరాబాద్‌లో జీడిమెట్ల, బాలానగర్, చర్లపల్లి పారిశ్రామికవాడల షెడ్లలో ఏ మూల చూసినా కనిపించేది 5 హెచ్‌పీ, 415 వోల్టుల, నాలుగు పోళ్ల ఇండక్షన్ మోటరు. దానికి వీఎఫ్‌డీ (వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ మార్చి మోటరు స్పీడు మార్చే డ్రైవ్) బిగించి, కన్వేయరునో మిక్సరునో నెమ్మదిగా తిప్పబోతే లోడు లాగదు. అప్పుడు చాలామంది చేసే పని టార్క్ బూస్ట్, అంటే తిప్పే బలం (టార్క్) కోసం తక్కువ స్పీడులో డ్రైవ్ అదనంగా ఇచ్చే వోల్టేజీ, పెంచుకుంటూ పోవడం. దాంతో మోటరు వేడెక్కుతుంది, లోడు మాత్రం కదలదు. బూస్ట్ జోలికి పోయేముందు నేమ్‌ప్లేట్ చదవండి.

3.7 కిలోవాట్లు, 1440 ఆర్‌పీఎం, సుమారు 7.5 ఆంప్స్ అని ఉంటుంది. 9550ని కిలోవాట్లతో గుణించి ఆర్‌పీఎంతో భాగిస్తే టార్క్ వస్తుంది: 24.5 న్యూటన్ మీటర్లు. ఈ టార్క్ పుట్టేది లోపలి అయస్కాంత ఫ్లక్స్, రోటరు కరెంట్ రెండూ కలిస్తేనే. ఫ్లక్స్ సరిగ్గా ఉండాలంటే వోల్టేజీ, ఫ్రీక్వెన్సీ కలిసి పెరగాలి, కలిసి తగ్గాలి. 415ని 50తో భాగిస్తే హెర్ట్జ్‌కు 8.3 వోల్టులు. అంటే 25 హెర్ట్జ్ దగ్గర 207 వోల్టులు, 10 దగ్గర 83. ఈ లెక్క తప్పనంతవరకు 25 హెర్ట్జ్‌లోనూ అదే 24.5 న్యూటన్ మీటర్లు దొరుకుతాయి. ఫుల్ లోడు మీద స్లిప్, అంటే ఫ్రీక్వెన్సీ ప్రకారం రావాల్సిన స్పీడు (50 హెర్ట్జ్‌లో 1500, 25లో 750) కన్నా షాఫ్టు వెనకబడేది, అక్కడా 60 ఆర్‌పీఎమే, కాబట్టి షాఫ్టు 690 దగ్గర తిరుగుతుంది. ఫ్రీక్వెన్సీ కదల్చకుండా వోల్టేజీ ఒక్కటే తగ్గిస్తే టార్క్ వోల్టేజీ వర్గం లెక్కన పడిపోతుంది. సగం వోల్టేజీకి మిగిలేది పావు వంతే. వోల్టేజీ ఒక్కటే తగ్గించి మోటరును మొదలుపెట్టే సాఫ్ట్ స్టార్టరు పంపుకు సరిపోయి, నిండా సరుకున్న కన్వేయరుకు సరిపోనిది అందుకే.

అసలు చిక్కు 10 హెర్ట్జ్ కింద మొదలవుతుంది. ఫుల్ లోడులో వైండింగ్ రెసిస్టెన్స్ ఫేజుకు 10 వోల్టుల దాకా మింగేస్తుందనుకోండి. 50 హెర్ట్జ్‌లో ఫేజుకు 240 వోల్టులు ఉంటాయి, ఈ పది పోయినా తెలియదు. 5 హెర్ట్జ్‌లో ఉన్నవే 24 వోల్టులు. అందులో పది పోతే ఫ్లక్స్‌కు మిగిలేది సగం పైచిలుకే. బూస్ట్ పూడ్చేది ఈ లోటునే.

బూస్ట్ ఇలా పెట్టాలి. కప్లింగ్ విప్పి లేదా బెల్టు తీసి, మోటరును 50 హెర్ట్జ్‌లో ఖాళీగా తిప్పి డిస్‌ప్లేలో ఆంప్స్ రాసుకోండి. ఈ సైజుకు మూడు ఆంప్స్ అటూ ఇటూ ఉంటుంది. తర్వాత 5 హెర్ట్జ్‌కు తగ్గించి, బూస్ట్‌ను 1 శాతం నుంచి అర శాతం చొప్పున పెంచుతూ ఆంప్స్ చూడండి. 50 హెర్ట్జ్‌లో రాసుకున్న అంకె దగ్గరికి రాగానే ఆగిపోండి. దాన్ని దాటి పెంచితే కోరు (మోటరు లోపలి ఇనుము) శాచురేట్ అవుతుంది, అంటే ఇక ఫ్లక్స్ పెద్దగా పట్టదు, ఆంప్స్ ఒక్కసారిగా ఎగబాకుతాయి. లోడే లేని మోటరు 5 హెర్ట్జ్‌లో 7 ఆంప్స్ తీసుకుంటోందంటే అదంతా వైండింగ్‌లో వేడిగా పోతున్నట్టే. లోడున్నప్పుడు సరిపోయే బూస్ట్ ఖాళీ మోటరుకు ఎక్కువవుతుంది, ఖాళీగా సరిపోయింది లోడుకు చాలదు. వోల్టేజీ, ఫ్రీక్వెన్సీలను ఒకే నిష్పత్తిలో నడిపే వి బై ఎఫ్ మోడ్‌కు ఉన్న హద్దు ఇది. 5 హెర్ట్జ్‌లో ఫుల్ టార్క్ కావాలంటే బూస్ట్‌తో కుస్తీ మానేసి సెన్సార్‌లెస్ వెక్టార్ మోడ్‌కు మారడం మేలు.

వెక్టార్ మోడ్‌లో డ్రైవ్ మోటరు కరెంట్‌ను రెండు పాళ్లుగా విడదీసి చూస్తుంది. ఒకటి ఫ్లక్స్‌కు, రెండోది టార్క్‌కు. లోడు పెరిగితే రెండో పాలు ఒక్కటే పెంచుతుంది. ఇది కుదరాలంటే మోటరు వివరాలు నిజమైనవి ఎక్కించాలి: వోల్టేజీ, ఆంప్స్, కిలోవాట్లు, హెర్ట్జ్, ఆర్‌పీఎం. ఆర్‌పీఎం గడిలో 1440 బదులు 1500 కొడితే స్లిప్ సున్నా అని డ్రైవ్ నమ్ముతుంది, ఆ తర్వాత టార్క్ లెక్కలన్నీ తప్పుతాయి. ఎక్కించాక మోటరు చల్లగా ఉన్నప్పుడే ఆటోట్యూన్ (డ్రైవ్ తానే మోటరు గుణాలు కొలుచుకోవడం) చేయండి. లోడు విప్పగలిగితే తిరిగే ట్యూన్, వీల్లేకపోతే నిలకడ ట్యూన్. కేబులు మార్చినా మోటరు రివైండింగ్‌కు వెళ్లొచ్చినా మళ్లీ ట్యూన్ చేయాల్సిందే.

టార్క్ లిమిట్ ఎక్కువ డ్రైవ్‌లలో 150 శాతం దగ్గర పెట్టి వస్తుంది. మిక్సరులో బ్లేడు ఇరుక్కుంటే గేరుబాక్సు విరగకూడదనుకుంటే దాన్ని 110, 120కి దించండి. ఫిల్మ్, కాగితం చుట్టే రీలుకైతే నేరుగా టార్క్ కంట్రోల్ మోడ్ వాడతారు. అక్కడ స్పీడ్ లిమిట్ పెట్టడం మాత్రం మరవద్దు. ఫిల్మ్ తెగిన క్షణంలో ఎదురులాగేది ఏమీ ఉండదు, అడిగిన టార్క్ అందుకోవడానికి మోటరు స్పీడు పెంచుకుంటూనే పోతుంది.

50 హెర్ట్జ్ దాటాక వోల్టేజీ పెరగదు, ఫ్లక్స్ తగ్గుతుంది. 60 హెర్ట్జ్‌లో దొరికే టార్క్ 83 శాతమే. లైను వోల్టేజీ 380కి పడిపోయిన రోజు ఇదే సంగతి 46 హెర్ట్జ్ నుంచే మొదలవుతుంది, ఎందుకంటే డ్రైవ్ తనకు వచ్చినదానికన్నా ఎక్కువ వోల్టేజీ ఇవ్వలేదు. ఎండాకాలం సాయంత్రాల్లో ఓవర్‌లోడ్ ట్రిప్పు వస్తుంటే డ్రైవ్‌ను అనేముందు ఇన్‌కమింగ్ వోల్టేజీ కొలవండి.

సింగిల్ ఫేజు మీటరున్న చోట 230 వోల్టుల డ్రైవ్ కొనేవాళ్లు టెర్మినల్ బాక్స్ తెరిచి చూసుకోవాలి. 2 హెచ్‌పీ దాకా మోటర్లు మామూలుగా 415 స్టార్‌లో ఉంటాయి (స్టార్, డెల్టా అనేవి వైండింగ్ చివర్లు కలిపే రెండు పద్ధతులు). లింకులు డెల్టాకు మారిస్తే 230కి సరిపోతాయి. ఆంప్స్ మాత్రం 1.73 రెట్లవుతాయి, డ్రైవ్ సైజు ఆ ఆంప్స్‌ను బట్టి ఎంచుకోండి. 5 హెచ్‌పీ మోటరు అప్పటికే డెల్టాలో ఉంటుంది. దాన్ని 230 డ్రైవ్ మీద పెడితే బేస్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ పూర్తి వోల్టేజీకి చేరే ఫ్రీక్వెన్సీ) 27.7 హెర్ట్జ్‌గా పెట్టుకోవాలి, ఫుల్ టార్క్ అంతవరకే.

వైరింగ్‌లో ప్రాణాంతకమైన తప్పులు కొన్నే. ఇన్‌కమింగ్ లైను మోటరుకు వెళ్లాల్సిన యు, వి, డబ్ల్యు టెర్మినల్స్‌కు కలిపితే డ్రైవ్ అక్కడికక్కడే పోతుంది. పవర్ ఫ్యాక్టర్ కోసం మోటరు దగ్గర పాత కెపాసిటర్ ఉంటే తీసేయాలి, లేకపోతే ఐజీబీటీలు (డ్రైవ్ లోపలి పవర్ స్విచ్చులు) నిలవవు. డ్రైవ్ కలిపి ఉండగా మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) కొట్టొద్దు. డ్రైవ్‌కూ మోటరుకూ మధ్య కాంటాక్టరును నడుస్తుండగా తెరవొద్దు. కేబులు 50 మీటర్లు దాటితే అవుట్‌పుట్ చోకు (పల్సుల ఉరవడి తగ్గించే కాయిల్) పెట్టండి, పల్సులు వెనక్కి తన్ని మోటరు దగ్గర వోల్టేజీ డ్రైవ్ లోపలి డీసీ బస్సు (లైను ఏసీని డీసీగా మార్చి నిలిపే భాగం) వోల్టేజీకి దాదాపు రెట్టింపవుతుంది. ఆ బస్సు 415 లైను మీద 586 వోల్టుల డీసీ. సప్లై తీసేసినా కెపాసిటర్లలో అది నిలిచే ఉంటుంది. మాన్యువల్ చెప్పినంతసేపు ఆగి, ప్లస్ మైనస్ మధ్య మీటరు పెట్టి, 50 వోల్టుల కిందకి వచ్చిందని చూశాకే చెయ్యి పెట్టండి.

అవుట్‌పుట్ వోల్టేజీని మామూలు మల్టీమీటరుతో కొలిచి కంగారు పడొద్దు. పల్సుల మీద అది తప్పుడు అంకె చూపిస్తుంది. ట్రూ ఆర్‌ఎంఎస్ టాంగ్ టెస్టరుతో (వైరు చుట్టూ పట్టుకుని ఆంప్స్ కొలిచే మీటరు) మూడు ఫేజుల ఆంప్స్ సమానంగా ఉన్నాయో లేదో చూడండి, అది నమ్మదగిన కొలత.

ఆపేటప్పుడు ఓవర్‌వోల్టేజ్ ట్రిప్పు వస్తే డిసెల్ టైము (స్పీడు తగ్గి ఆగడానికి ఇచ్చిన సమయం) చాలట్లేదని అర్థం. తిరుగుతున్న బరువు మోటరును జనరేటరుగా మార్చి బస్సును నింపేస్తుంది, 800 వోల్టుల ప్రాంతంలో డ్రైవ్ చేతులెత్తేస్తుంది. టైము 5 సెకన్ల నుంచి 15కి పెంచి చూడండి. అంతసేపు ఆగే వీలులేకపోతే ఆ శక్తిని వేడిగా పోగొట్టే బ్రేకింగ్ రెసిస్టరు పెట్టాలి.

ఇక వేడి. మోటరు ఫ్యాను షాఫ్టు మీదే ఉంటుంది కాబట్టి 15 హెర్ట్జ్‌లో చాలినంత గాలి రాదు, టార్క్ మాత్రం ఫుల్‌గా అడుగుతాం. గంటల తరబడి అలా నడపాలంటే విడిగా సప్లై ఉన్న ఫ్యాను బిగించాలి. హైదరాబాద్ ఎత్తు 540 మీటర్ల దగ్గరే, వెయ్యి లోపు కాబట్టి ఎత్తు కోసం డ్రైవ్ సైజు పెంచక్కర్లేదు. రేకుల షెడ్డులో మే నెల ప్యానెల్ సంగతి వేరు. చాలా డ్రైవ్‌లు పూర్తి ఆంప్స్ ఇచ్చేది 40 డిగ్రీల దాకానే. మోటరు కూత తగ్గుతుందని కారియర్ ఫ్రీక్వెన్సీ (డ్రైవ్ లోపలి స్విచ్చులు పల్సులు కొట్టే వేగం) 12 కిలోహెర్ట్జ్ పెడితే డ్రైవ్ ఇంకా కాలుతుంది. 4 దగ్గర ఉంచి కూత భరించడమే నయం.

రాణిగంజ్ మార్కెట్లో పాత డ్రైవ్ తెచ్చుకున్నారా? రెండేళ్లకు పైగా మూలన పడి ఉంటే నేరుగా 415 ఇవ్వొద్దు, కెపాసిటర్లు పేలొచ్చు. వేరియాక్ (వోల్టేజీని కావాల్సినంత తగ్గించి ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరు) మీద పావు, సగం, ముప్పావు, పూర్తి వోల్టేజీల్లో ఒక్కోదాని మీద అరగంట చొప్పున ఉంచి, మోటరు ఆ తర్వాతే కలపండి.