బడులు తెరిచాక పొద్దుటి హడావుడి: ఎక్కడ మొదలవుతుంది, ఎలా సర్దుకోవాలి

తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. అప్పటికి మృగశిర కార్తె వచ్చేసి ఉంటుంది. వాన పడితే హైదరాబాద్‌లో ఆటో దొరకదు, రోడ్డు కదలదు, స్కూల్ బస్సు తప్పిందంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే. పొద్దున ఏడింటికి కనిపించే సమస్యకు మూలం చాలావరకు ముందు రోజు సాయంత్రంలో ఉంటుంది. అక్కడ సరిచేయకుండా పొద్దున ఎంత అరిచినా ప్రయోజనం లేదు. పిల్లలు ఏడ్చుకుంటూ బడికి వెళ్లడం తప్ప ఏమీ జరగదు.

ఎంత లేపినా లేవడం లేదు

ఇది బద్ధకం కాదు. సెలవుల్లో అమ్మమ్మ వాళ్ల ఊళ్లో డాబా మీద కబుర్లు చెప్పుకుంటూ పదకొండు దాటాక పడుకున్నారు, ఎనిమిదింటికో తొమ్మిదింటికో లేచారు. ఒళ్లు ఆ వేళలకే అలవాటుపడింది. మనమేమో బడి తెరిచే ముందు రాత్రి "ఇవాళ తొమ్మిదింటికే పడుకోవాలి" అంటాం. నిద్ర రాదు. నిద్ర రాని పిల్లను కసిరి పడుకోబెడితే పక్క ఎక్కడమంటేనే విసుగు పుడుతుంది.

అందుకే ముందు జరపాల్సింది లేచే వేళని. రెండు మూడు రోజులకోసారి పావుగంట ముందుగా లేపండి. లేవగానే బాల్కనీలోకో మేడ మీదకో తీసుకెళ్లి పది పదిహేను నిమిషాలు వెలుతురులో ఉంచండి. పొద్దుటి వెలుగు కంటికి తగిలితే ఆ రాత్రి నిద్ర కూడా త్వరగా వస్తుంది. మబ్బు పట్టిన రోజున కూడా ఇంట్లో లైటు కంటే బయటి వెలుతురే ఎక్కువ. సాయంత్రం బడి నుంచి వచ్చి గంటల తరబడి నిద్రపోకుండా చూడండి. ఆదివారమైనా మామూలు కంటే గంటకు మించి ఆలస్యం కానివ్వొద్దు.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి. పదమూడు దాటినవాళ్లకు 8 నుంచి 10 గంటలు. బస్సు ఏడున్నరకు వస్తుందంటే ఆరుంబావుకు లేవాలి. అంటే మూడో తరగతి పిల్ల రాత్రి తొమ్మిదింబావుకల్లా నిద్రలో ఉండాలి. మన నగరంలో అసలు చిక్కు ఇక్కడే వస్తుంది. నాన్న ఆఫీసు గచ్చిబౌలిలో, ఇల్లు ఉప్పల్‌లో. ఆయన ట్రాఫిక్ దాటి వచ్చేసరికి తొమ్మిదవుతుంది, పిల్లలు ఆయనతో కలిసి తినాలని కూర్చుంటారు. వాళ్ల ఆశ నాకు అర్థమవుతుంది, అయినా చెప్తున్నాను: ఏడున్నరకల్లా పిల్లలకు అన్నం పెట్టేయండి. నాన్నతో గడిపే సమయాన్ని పొద్దుటికి మార్చండి. స్నానం చేయించడం, బూట్లు వేయడం, బస్సు దాకా నడిపించడం ఆయన వంతు. ఆ పావుగంట నడకలో పిల్లలు చెప్పే మాటలు రాత్రి అలసిపోయి టీవీ ముందు కూర్చున్నప్పుడు వినబడవు.

హాల్లో సీరియల్ మోగుతుంటే పక్క గదిలో పిల్లకు నిద్ర పట్టదు. "అత్తమ్మా, తొమ్మిది నుంచి ఓ అరగంట సౌండ్ తగ్గిద్దామా? చిన్నది పడుకుంటుంది" అని అడిగితే ఏ నానమ్మ కాదంటుంది? ఫోన్లు మాత్రం పెద్దవాళ్లవి కూడా పడకగది బయటే ఉండాలి. మనం చూస్తూ వాళ్లను వద్దంటే వినరు.

టిఫిన్ ముట్టడం లేదు

లేవగానే పెద్ద గ్లాసు పాలు పట్టించి, పది నిమిషాలకే ఇడ్లీలు పెడితే ఆకలి ఎక్కడుంటుంది? రాత్రి పదింటికి తిని ఉంటే మరీ కష్టం. రాత్రి భోజనం ముందుకు జరిగితే సగం సమస్య తీరుతుంది. పొద్దున స్నానం, యూనిఫాం అయ్యాక టిఫిన్ పెట్టండి. పాలు సాయంత్రానికి మార్చినా తప్పులేదు.

బడి రోజుల్లోనే కడుపునొప్పి

దీన్ని నాటకమని కొట్టిపారేయకండి. చాలామంది పిల్లలు స్కూల్ బాత్రూమ్ బాగోదని అక్కడికి వెళ్లరు. వెళ్లాల్సి వస్తుందని నీళ్లు తాగరు. సీసా నింపినట్టే ఇంటికి తిరిగొస్తుంది. దానితో మలబద్ధకం, దానితో నొప్పి. ఏదైనా తిన్న కాసేపటికి పేగులు కదలడం సహజం కాబట్టి, టిఫిన్ తర్వాత పది నిమిషాలు ఖాళీగా ఉండేలా పొద్దుటి పనులు సర్దండి. తొందరపెట్టకుండా రోజూ అదే వేళకు కూర్చోబెడితే కొన్ని వారాల్లో అలవాటవుతుంది. బాత్రూమ్ సంగతి క్లాస్ టీచర్‌తో నేరుగా మాట్లాడండి, పేరెంట్స్ మీటింగ్ దాకా ఆగొద్దు.

నీళ్లు తాగుతున్నా, కడుపు సాఫీగా ఉన్నా నొప్పి అంటుంటే, బస్సులో ఎవరైనా ఏడిపిస్తున్నారేమో, ఏదైనా క్లాసంటే భయమేమో కనుక్కోండి. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పరు, పక్కన నడుస్తున్నప్పుడు చెప్తారు. జ్వరం, వాంతులు, బరువు తగ్గడం, నొప్పితో రాత్రి నిద్ర లేవడం ఉంటే డాక్టర్‌కు చూపించాలి.

బస్సు వచ్చాక సాక్సు వెతుకుతున్నాం

వానాకాలంలో సాక్సు రాత్రికి రాత్రి ఆరవు. కనీసం నాలుగు జతలు ఉంచుకోండి. బ్యాగు, ఐడీ కార్డు, రెయిన్‌కోటు పడుకునే ముందే తలుపు దగ్గర పెట్టాలి, అదీ పిల్లల చేతే. చాలా కాలనీల్లో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. అది పొద్దున వచ్చే చోట పెద్దవాళ్లలో ఒకరు మోటారు దగ్గరే ఉండిపోతారు. ఆ రోజు ఎవరు నీళ్లు చూడాలి, ఎవరు పిల్లల్ని పంపాలి అన్నది ముందు రాత్రే అనుకోండి.

లంచ్ బాక్స్ నిండుగా తిరిగొస్తోంది

తినే సమయం తక్కువ. మూత బిగుతుగా ఉంటే చిన్నపిల్లలకు రాదు, అడగడానికి మొహమాటం. ఒకసారి ఇంట్లో వాళ్ల చేతే తెరిపించి చూడండి. పప్పన్నం, పెరుగన్నం కలిపే పంపండి. పులిహోర, టమాటా రైస్, గుడ్డు లాంటివి త్వరగా తినేస్తారు. పరిమాణం తగ్గించండి, కొంచెం పెట్టి పూర్తిగా తింటే మళ్లీ పెంచవచ్చు.

రెండు వారాలు బాగానే ఉంది, మళ్లీ మొదటికొచ్చింది

ఆషాఢంలో బోనాలు వస్తాయి. గోల్కొండ, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి, ఆ తర్వాత లాల్ దర్వాజా. వరసగా ఆదివారాలు చుట్టాలు, విందులు, అర్ధరాత్రి దాకా డప్పులు. పండగ మానుకోమని ఎవరూ అనరు, పిల్లలకు ఆ సంబరం కావాలి. మర్నాడు బడి ఉంటే లేచే వేళ మాత్రం మార్చకండి. లేచాక వెలుతురులోకి తీసుకెళ్లండి, సాయంత్రం అరగంట కునుకు తీయనివ్వండి, ఆ రాత్రి అన్నం ఏడింటికే పెట్టండి. సాధారణంగా మంగళవారానికి దారిలోకి వస్తారు. రాకపోతే అన్నీ ఒకేసారి బిగించొద్దు. ఆ వారం రాత్రి భోజనం వేళ ఒక్కటే పట్టుకోండి, మిగతావి వచ్చే వారం.