హ్యాండ్ బ్రేక్ లాగినా పాత కారు జారుతోందా? కేబుల్ సంగతి చివర్లో చూడండి

వాలులో పాత కారు నిలవకపోతే చాలామంది మొదట చేసే పని కారు కింద దూరి కేబుల్ నట్టు బిగించడం. ఆ రోజుకి లివర్ (చేత్తో లాగే పిడి) గట్టిగానే తగులుతుంది, కొన్నాళ్లకు కథ మళ్లీ మొదటికొస్తుంది. పాత కార్లలో చాలావాటికి హ్యాండ్ బ్రేక్‌ కోసం వేరే షూలు (చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడను ఒత్తి ఆపే వంపు ముక్కలు) ఉండవు. కాలి బ్రేకుతో పనిచేసే వెనక డ్రమ్ముల షూలనే కేబుల్ లాగుతుంది. అందుకే వెతుకులాట చక్రం దగ్గర మొదలుకావాలి.

ముందుగా కారును చదునైన నేల మీద పెట్టి, ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు దిమ్మలు వేయండి. వెనక భాగాన్ని స్టాండ్ల మీద నిలపండి. జాకీని మాత్రమే నమ్మి కింద దూరొద్దు. గేరు న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వదలండి.

లివర్ బాగా పైకి వస్తోంది, పట్టు లేదు

షూ మీది రాపిడి పొర, అంటే లైనింగ్ అరిగి షూకీ డ్రమ్ముకీ మధ్య సందు పెరిగి ఉంటుంది. కాలి బ్రేక్ కూడా లోతుగా దిగి, రెండోసారి తొక్కితే పైకి వస్తుంటే అనుమానం దాదాపు తీరినట్టే.

కేబుల్‌ను వదులు చేయండి. చక్రం తిరగనంత వరకు, షూలను డ్రమ్ముకు దగ్గర చేసే అడ్జస్టర్ బిగించి, షూలు సర్దుకునేలా కాలి బ్రేక్ రెండు మూడుసార్లు తొక్కండి. తర్వాత చక్రం తేలిగ్గా తిరిగేదాకా కొద్దికొద్దిగా వదలండి. సన్నటి రాపిడి వినిపిస్తే ఫర్వాలేదు. రెండో చక్రానికీ ఇలాగే చేశాకే కేబుల్ బిగించాలి. లివర్ ఎన్ని క్లిక్కులకు పట్టాలో మీ కారు మాన్యువల్‌లో చూసుకోండి. ముందే కేబుల్ బిగిస్తే షూలు పూర్తిగా వెనక్కి రావు. సెటింగ్ తప్పుతుంది, లైనింగ్ ఊరికే అరిగిపోతుంది.

లివర్ త్వరగానే గట్టిపడుతోంది, కారు మాత్రం జారుతోంది

డ్రమ్ విప్పక తప్పదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. గాలి కొట్టి దుమ్ము లేపకండి, మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో తుడవండి.

కాలి బ్రేక్ తొక్కితే షూలను తోసే వీల్ సిలిండర్ రబ్బరు చుట్టూ పల్చటి తడి ఉంటే బ్రేక్ ఆయిల్ కారుతోంది. యాక్సిల్ వైపు నుంచి చిక్కగా, ఘాటు వాసనతో వస్తే అది గేర్ ఆయిల్, అంటే సీల్ పోయింది. ముందు లీకు ఆపండి, ఆ తర్వాతే రెండు చక్రాలకూ కొత్త షూలు వేయండి. నూనె పీల్చిన లైనింగ్‌ను కడిగి మళ్లీ వాడాలని ఆశపడొద్దు, వేడెక్కితే లోపలి నూనె తిరిగి బయటికొస్తుంది.

షూలు పొడిగా, మంచిగా ఉంటే కేబుల్‌ను ఒక చివర విడదీసి లాగి చూడండి. తొడుగులో తుప్పు పట్టి ఉంటే మీ చేతి బలమంతా అక్కడే ఖర్చవుతుంది. అలాంటి కేబుల్ మార్చాల్సిందే.

ఒక్క చక్రానికే బ్రేక్ పడుతోంది

కేబుల్ రెండుగా చీలే చోట ఉండే ఈక్వలైజర్ బిగుసుకుని ఉండొచ్చు. శుభ్రం చేసి గ్రీజు పెట్టండి. మినీ అనే పాత బ్రిటిష్ చిన్న కార్లలో అయితే వెనక చక్రాలను పట్టుకునే ఆర్మ్‌ల మీద కేబుల్ తిరిగే ముక్కలు తుప్పుతో కదలకుండా పోవడం బాగా తెలిసిన జబ్బు.

లివర్ దానంతటదే పడిపోతోంది

లివర్‌ను లాగిన చోటే ఆపి ఉంచే రాచెట్ పళ్లు అరిగి ఉంటాయి. పళ్లను ఆకురాయితో రుద్ది వాడకండి, ఆ భాగమే మార్చండి.

పని అయ్యాక కొంత దూరం నడిపి, వెనక చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి, తాకకండి. ఒకవైపు సెగ ఎక్కువగా ఉంటే అక్కడ షూ రాసుకుంటోంది. ఆ చక్రం అడ్జస్టర్ కాస్త వదలండి.