మీ ఒంటి గడియారం చదవడం – 4వ పాఠం: ఒకే ఇంట్లో మూడు వేళలు

కిందటి పాఠంలో నిద్ర పుస్తకం మొదలుపెట్టాం. పడుకున్న వేళ కాకుండా నిద్ర పట్టిన వేళ, లేచిన వేళ, మధ్యలో వచ్చిన మెలకువలు రాయమన్నాను. ఈసారి పేరు పక్కన వయసు గడి కూడా గీయండి. అది లేకపోతే ఇంటర్ చదివే పిల్లాడు బద్ధకస్తుడిలా, తాత జబ్బుమనిషిలా కనిపిస్తారు.

కారణం మెదడు అడుగున ఉంది. బాదం గింజంత ఉండే హైపోథాలమస్ ఇటు నిద్రనీ అటు సంతానోత్పత్తినీ చూసుకుంటుంది. కంటి నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, దాదాపు 20,000 కణాల గుంపు రోజును కొలుస్తుంది. దాని సొంత రోజు సగటున 24 గంటల కన్నా ఓ పది నిమిషాలు ఎక్కువ. పొద్దుటి వెలుతురు ఆ తేడాను సర్దుతుంది. హైపోథాలమస్‌లోనే ఉండే ఇంకొన్ని కణాలు జి.ఎన్.ఆర్.హెచ్. అనే హార్మోనును గంటకో గంటన్నరకో ఒకసారి కొద్దికొద్దిగా వదులుతాయి. దాంతో మెదడు కిందే ఉండే పిట్యూటరీ గ్రంథి కదిలి అండాశయాలకో వృషణాలకో కబురు పంపుతుంది. హార్మోన్ల శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ నోబిల్ బృందం 1978లో కోతుల మీద ఒక విషయం తేల్చింది: ఈ హార్మోను గంటకోసారి ఇస్తే వ్యవస్థ నడిచింది, ఆపకుండా ఎక్కిస్తే ఆగిపోయింది. మందు అదే, లయ పోయిందంతే.

చిన్నతనంలో ఈ లయ అణిగి ఉంటుంది. ఈడుకొచ్చే ముందు మొదట రాత్రి నిద్రలోనే పుంజుకుని, తర్వాత పగటికీ పాకుతుంది. ఆ వయసులోనే, రాత్రయిందని ఒంటికి చెప్పే మెలటోనిన్ హార్మోను విడుదల కూడా రాత్రి ఆలస్యమవుతూ వస్తుంది. పిల్లాడికి పదకొండైనా నిద్ర రావట్లేదంటే తప్పంతా ఫోన్‌ది కాదు. ఫోన్ దానికి ఆజ్యం పోస్తుంది, అది వేరే సంగతి.

ఇక లెక్కలోకి వద్దాం. నిద్ర పట్టిన వేళకీ లేచిన వేళకీ సరిగ్గా మధ్యనున్న సమయాన్ని ‘నడిమి వేళ’ అందాం. ఉదాహరణకి ఒక ఇల్లు అనుకోండి.

కొడుక్కి 17. కాలేజీ ఉన్న ఆరు రోజులూ 12:00కి పట్టి 5:30కి లేస్తాడు. నిద్ర ఐదున్నర గంటలు, నడిమి వేళ 2:45. ఆదివారం 1:30 నుంచి 10:30 దాకా తొమ్మిది గంటలు, నడిమి వేళ 6:00. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఆ 6:00లో వారమంతా పోగైన నిద్ర బాకీ కూడా కలిసి ఉంది, దాన్ని తీసెయ్యాలి. వారం మొత్తం నిద్ర 42 గంటలు, అంటే రోజుకి సగటున ఆరు. ఆదివారం మూడు గంటలు ఎక్కువ పడుకున్నాడు. అందులో సగం, గంటన్నర, 6:00లోంచి తీసేస్తే 4:30. అదీ అతని అసలు వేళ. కాలేజీ వేళకీ దానికీ గంటా ముప్పావు ఎడం. రోజూ పొద్దున మీరు గొడవపడేది వాడితో కాదు, ఈ గంటా ముప్పావుతోనే.

తాతకి 71. రాత్రి 8:30కి పట్టి తెల్లవారుజామున 4:00కి లేస్తారు, నడిమి వేళ 12:15. సుమారు ఇరవై ఏళ్ళు దాటాక గడియారం మెల్లగా ముందు వేళకి జరగడం మొదలవుతుంది. గాఢనిద్ర తగ్గి, దాంతోపాటు వచ్చే గ్రోత్ హార్మోనూ తగ్గుతుంది. ఏడున్నర గంటలు పట్టింది కాబట్టి ఇది నిద్రలేమి కాదు. ఇంకాస్త ఆలస్యంగా నిద్ర రావాలనుకుంటే, సాయంత్రం చీకటి గదిలో టీవీ ముందు కాకుండా వెలుతురు పోయేదాకా అరుగు మీద కూర్చోమనండి.

తల్లికి 48. పట్టేది 10:30కి, లేచేది 5:30కి, ఆదివారమైనా అంతే. నడిమి వేళ 2:00. పైకి అంతా సవ్యమే. కానీ మెలకువల గడి చూడండి: 1:15, 3:40. పక్కన ‘చెమట, దుప్పటి తీసేశాను’ అని రాసుంది. ఇక్కడ గడియారం జరగలేదు, నిద్ర తెగుతోంది. ముట్లు ఆగిపోయే దశలో ఈస్ట్రోజెన్ హార్మోను తగ్గేసరికి హైపోథాలమస్‌లో కొన్ని కణాలు న్యూరోకైనిన్-బి అనే సంకేతాన్ని మరీ ఎక్కువగా పంపుతాయి. పక్కనే ఉన్న ఉష్ణోగ్రత అదుపు కేంద్రం దానికి మోసపోయి, ఒళ్ళు వేడెక్కిందనుకుని చెమట పట్టిస్తుంది. 2023లో అమెరికాలో అనుమతి వచ్చిన ఫెజోలినెటాంట్ అనే మందు ఈ సంకేతాన్నే అడ్డుకుంటుంది. ఇలాంటి పేజీ ఉంటే ‘టెన్షన్ వల్లేలే’ అని సర్దుకుపోకుండా గైనకాలజిస్టుకి పుస్తకంతో సహా చూపించాలి. మెలకువల పక్కన గురక, ఊపిరి ఆగినట్టు ఉండటం కనిపిస్తే మాత్రం అది వేరే దారి, స్లీప్ అప్నియా పరీక్ష కావాలి.

మగవాళ్ళకి ఒక మాట. టెస్టోస్టెరాన్ నిద్రలో పెరిగి పొద్దున ఎక్కువగా ఉంటుంది. అందుకే ఆ రక్తపరీక్ష ఉదయాన్నే చేయిస్తారు. రాత్రంతా మేలుకున్న మర్నాడు ఇచ్చిన శాంపిల్‌ని నేనైతే నమ్మను.

ఈ వారం అభ్యాసం: ఇంట్లో వేర్వేరు వయసుల వాళ్ళు ఇద్దరివి ఏడేసి రోజులు రాయండి. నడిమి వేళ కట్టి, సెలవు రోజు బాకీ తీసేసి, పేజీ పైన ఒక్క మాట పెట్టండి: ‘జరిగింది’ (వేళ మారింది), ‘తెగింది’ (మధ్యలో మెలకువలు) లేదా ‘తగ్గింది’ (నిద్ర గంటలు చాల్లేదు). రెండు మాటలు వర్తిస్తే రెండూ రాయండి. నైట్ షిఫ్టు చేసేవాళ్ళ పేజీలకి ఈ లెక్క కుదరదు, వాటిని 5వ పాఠానికి అట్టేపెట్టండి.