చీమల పెంపకం – ఏడవ పాఠం: రాణి పోయిన కాలనీకి కొత్త రాణి

రాణి చనిపోయిందని నిర్ధారించుకోవడం ఎలాగో గత పాఠంలో చూశాం. ఆ తరువాత చేయవలసిన పనిని, మన పెరళ్లలో తరచుగా కనిపించే పెద్ద నల్ల గండుచీమను, అంటే కాంపొనోటస్ కంప్రెసస్‌ను, ఉదాహరణగా తీసుకుని ఈ పాఠంలో నేర్చుకుందాం.

రాణి పోయినంత మాత్రాన కాలనీ వెంటనే కూలిపోదు. శ్రామిక చీమలు ఎప్పటిలాగే ఆహారం తెస్తాయి, లార్వాలను సాకుతాయి, కొన్నాళ్లకు వాటిలో కొన్ని గుడ్లు కూడా పెడతాయి. కానీ అవి మగచీమతో జతకట్టినవి కావు కాబట్టి, ఫలదీకరణ చెందని ఆ గుడ్ల నుంచి మగచీమలే పుడతాయి. ఉన్న శ్రామికలు వయసుడిగి రాలిపోతుంటే వాటి పని అందుకునేవి ఉండవు. అందుకే ఎక్కడి నుంచైనా ఒక రాణిని తెచ్చి గూట్లో వదిలితే సరిపోతుందనిపిస్తుంది. గండుచీమల వంటి ఒకే రాణి ఉండే జాతుల్లో ఆ పని చేయకండి.

ప్రతి చీమ ఒంటిమీదా మైనం వంటి హైడ్రోకార్బన్ల పొర ఉంటుంది. ఒక కాలనీలోని చీమలు ఒకదాన్నొకటి నాకుతూ, నోటి ద్వారా ఆహారం పంచుకుంటూ ఈ పూతను కలబోసుకోవడం వల్ల అందరికీ ఒకే వాసన అబ్బుతుంది. పరాయి రాణికి ఆ వాసన ఉండదు. శ్రామిక మీసాలతో ఆమెను ఒకటి రెండుసార్లు తడిమి, దవడలు తెరిచి కాలినో మీసాన్నో పట్టుకుంటుంది. మరికొన్ని వచ్చి మిగతా కాళ్లు పట్టి నలువైపులా లాగుతాయి, పొట్ట వంచి ఫార్మిక్ ఆమ్లం చిమ్ముతాయి. ఇరుకు గాజుగొట్టంలో ఆ ఆవిరి రాణితోపాటు శ్రామికలకూ ప్రాణాంతకం కావచ్చు. రెండు పక్షాలనూ కాసేపు ఫ్రిజ్‌లో ఉంచి కలిపే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. చలికి చీమలు మందగిస్తాయే గాని వాసనలోని తేడా పోదు, ఒళ్లు వెచ్చబడగానే దాడి మొదలవుతుంది. ఉష్ణదేశపు చీమలకు ఆ చలి అదనపు హింస కూడా. ఈ పద్ధతిని నేను ఎవరికీ సూచించను.

కాబట్టి కాలనీలోకి రాణిని పంపకుండా, కాలనీ పిల్లలను రాణి దగ్గరకు చేర్చాలి. ముందుగా అదే జాతికి చెందిన, రెక్కలు రాల్చేసుకున్న కొత్త రాణి కావాలి. వానలు పడ్డ తరువాత ఇవి నేలమీద ఒంటరిగా తిరుగుతూ దొరుకుతాయి. ఉసిళ్లను చూసి రాణిచీమలనుకోకండి. ఉసిళ్లు రెక్కల చెదపురుగులు, వాటి నాలుగు రెక్కలూ దాదాపు ఒకే పొడవు, నడుము సన్నగా ఉండదు. చీమ నడుము సన్నం, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి.

మూడో పాఠంలో చెప్పినట్టే టెస్ట్‌ట్యూబ్ అడుగున నీళ్లు నింపి, దూదితో బిగించి, రాణిని వదిలి చీకట్లో పెట్టండి. ఆమె కుదుటపడ్డాక పాత గూటి నుంచి ఐదు నుంచి పది ప్యూపాలను, అంటే లార్వా దశ దాటి చీమగా రూపుదిద్దుకుంటున్న పిల్లలను, మెత్తని కుంచెతో తీయండి. గండుచీమ ప్యూపా లేత గోధుమరంగు పట్టుగూటిలో ఉంటుంది. ఆ గూటికి ఒక చివర నల్లని చుక్క కనిపిస్తే లోపలి లార్వా ప్యూపా దశకు చేరుకుందని అర్థం, అలాంటివే ఎంచుకోండి. వాటిని కరుచుకుని ఒక్క పెద్ద శ్రామిక కూడా వెంట రాకూడదు, ఒక్కటి వచ్చినా రాణికి ముప్పే. ప్యూపాలను రాణి ముందు కాకుండా కాస్త ఎడంగా పెట్టి, దూది మూసి, మళ్లీ చీకటి చేయండి. చాలాసార్లు ఆమే వాటిని తన దగ్గరకు చేర్చుకుంటుంది.

సమయం వచ్చినప్పుడు పట్టుగూడు చీల్చి పిల్లను బయటకు తీయడానికి రాణే సాయపడుతుంది. అప్పుడే వెలువడిన శ్రామిక పాలిపోయిన రంగులో, మెత్తగా ఉంటుంది. దాని ఒంటికి కాలనీ వాసన ఇంకా పట్టి ఉండదు కనుక అది రాణిని ఎదిరించదు, ఆమె వాసననే తన ఇంటి వాసనగా నేర్చుకుంటుంది. ఈ పద్ధతి ఫలించడానికి కారణం ఇదే. పిల్లల రంగు ముదిరి తిరగడం మొదలుపెట్టాక ఒక చుక్క చక్కెర నీళ్లు, చంపిన చిన్న పురుగు ముక్క అందించి, తరువాత మరికొన్ని ప్యూపాలు చేర్చండి.

ఇందులో ఆలస్యం పనికిరాదు. గండుచీమ గుడ్డు పెద్ద చీమగా మారడానికి సుమారు నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. రాణి పోయి అంతకాలం దాటితే గూట్లో మిగిలేవి శ్రామికలు పెట్టిన గుడ్ల నుంచి వచ్చిన మగ ప్యూపాలే కావచ్చు, వాటివల్ల కొత్త రాణికి ఏ ఉపయోగమూ లేదు. రాణి ఎండాకాలంలో పోయి, వానలు ఇంకా దూరంగా ఉంటే ఈ అవకాశం జారిపోయినట్టే.

అనేక రాణులు కలిసి ఉండే జాతుల సంగతి వేరు. ఇళ్లలో తిరిగే ఫారో చీమల గూట్లో చాలామంది రాణులుంటారు, వాటి మధ్య కాలనీ హద్దులు అంత కఠినంగా ఉండవు. కానీ అవి ఏ సన్నని సందులోనైనా దూరి ఇల్లంతా వ్యాపిస్తాయి కాబట్టి, కొత్తగా పెంచేవారు వాటి జోలికి పోకపోవడమే మేలు.

పాత కాలనీలో మిగిలిన పెద్ద శ్రామికలను కొత్త కుటుంబంతో ఎప్పుడూ కలపకండి. వేరే గూట్లోనే ఉంచి చివరిదాకా నీళ్లు, ఆహారం అందించండి. టెస్ట్‌ట్యూబ్ నుంచి కొత్త కుటుంబాన్ని పెద్ద గూటికి ఎప్పుడు, ఎలా మార్చాలో ఎనిమిదవ పాఠంలో చూద్దాం.