గైడును ఎంచుకునే ముందు ఏమేం చూడాలి?

పీహెచ్‌డీలో చేరదలచినవారు మన హైదరాబాదులో ముందు విశ్వవిద్యాలయం పేరు, ఆ తరువాత గైడు పేరుప్రఖ్యాతులు చూస్తారు. ఆ గైడుకు రాసిచ్చిన అధ్యాయం ఎన్నాళ్లకు, ఏ రూపంలో తిరిగి వస్తుందన్నది మాత్రం చేరిన రెండేళ్లకు గానీ చాలామందికి తట్టదు. పర్యవేక్షణ ఎలాంటిదో తేలేది ఆ కాగితాల మీదే గనుక, ఆ ఆరా చేరకముందే తీయాలి.

మొదట మన విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉంచే శోధగంగ వెబ్‌సైటులో గైడు పేరుతో వెతికి, ఆ పర్యవేక్షణలో వచ్చిన సిద్ధాంత గ్రంథాలు నాలుగైదు తెరిచి చూడండి. ఒక్కొక్కదానిలో ప్రశ్న, పద్ధతి వేరుగా ఉంటే విద్యార్థులకు సొంతంగా ఆలోచించే చోటు దొరికిందనుకోవచ్చు. శీర్షికలో నల్లగొండ తీసి మెదక్ పెట్టి, అధ్యాయాలన్నీ అదే వరుసలో నడిపి ఉంటే మాత్రం మీకు దక్కబోయేది మూడో జిల్లా అని గ్రహించండి.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసరు 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసరు 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసరు 4 గురికి మించి గైడుగా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపే గడువున్నవారు కొత్తవారిని తీసుకోకూడదు. ఈ సంగతులు విభాగం కార్యాలయంలో తెలుస్తాయి.

అసలు విషయం తెలిసేది ప్రస్తుత స్కాలర్ల దగ్గర, అంతకంటే ఎక్కువగా గైడును మార్చుకున్నవారి దగ్గర. క్యాంటీన్‌లో కూర్చుని "సార్ మంచివారేనా అన్నా?" అని అడిగితే "చాలా మంచివారు" అనే జవాబే వస్తుంది, పక్క బల్ల దగ్గర ఎవరున్నారో తెలియనప్పుడు ఇంకేమంటారు? దానికి బదులు, చివరిసారి ఇచ్చిన అధ్యాయం ఎప్పుడు తిరిగి వచ్చిందో, దానిమీద ఏం రాసి ఉందో అడగండి, వీలైతే ఒక పేజీ చూపించమనండి. "ఇంకా లోతుగా రాయాలి" అన్న మాట ఏ పేజీ మీదైనా రాయవచ్చు, చదవకుండా కూడా. "ఈ పట్టికలో 2011 జనగణన నాటి ఉమ్మడి జిల్లానూ 2016 తరువాతి కొత్త జిల్లానూ ఒకటిగా లెక్కించారు, మండలాల వారీగా మళ్లీ కూడండి" అని మార్జిన్‌లో ఉంటే, ఆ గైడు పట్టిక దాకా వచ్చి ఆగి చదివారన్నమాట. ఎర్ర సిరా ఎంత ఎక్కువుంటే అంత మంచిదని నేననను. వాక్యాలన్నీ గైడే తిరగరాసి ఇస్తే వైవాలో, అంటే చివరి మౌఖిక పరీక్షలో, జవాబు చెప్పుకోవలసింది విద్యార్థే.

ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా సంఘం ముందు ప్రగతి చెప్పుకోవాలి. అక్కడ మరో సభ్యుడు తప్పు పట్టినప్పుడు గైడు ఏం చేస్తారో కనుక్కోండి. తానే వాదనకు దిగేవారికంటే, అప్పటిదాకా మెచ్చుకుని సభలో చేతులు దులుపుకునేవారికంటే, విద్యార్థిని మాట్లాడనిచ్చి అవసరమైన చోట అందుకునేవారు మేలు.

తార్నాక, హబ్సిగూడ వైపు ప్రయోగశాలల్లో చేరేవారు పేపర్‌లో పేర్ల క్రమం ఎవరు, ఎప్పుడు నిర్ణయిస్తారో ముందే అడగాలి. ఫెలోషిప్ ఉన్నవారికి గైడు సంతకం కూడా చిన్న విషయం కాదు: యూజీసీ జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తరువాత మదింపు జరిగి సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్)గా మారితే 42,000. ఆ ఫెలోషిప్ కాగితాలు గైడు బల్ల మీద నెలల తరబడి ఉండిపోయిన సందర్భాలున్నాయేమో సీనియర్లు చెప్పగలరు. బ్యాంకు పనులు, పరీక్ష పేపర్లు దిద్దడం స్కాలర్ల నెత్తిన పడుతున్నాయా అన్నదీ వారినే అడగండి. "సార్ పని" కాదనడం మన దగ్గర ఎంత కష్టమో తెలిసిందే.

ఇవన్నీ తెలుసుకున్నాక మీరు చేయదలచిన పనిని రెండు పేజీల్లో రాసి గైడుకు పంపి, ఒకసారి కలవడానికి సమయం అడగండి. ఆ రెండు పేజీలూ చదివి, మీరు సమాధానం చెప్పలేని ప్రశ్న ఒకటైనా వేసినవారి దగ్గర చేరవచ్చు.