బాస్కెట్‌బాల్ షాట్ స్వయంశిక్షణ – నాలుగో పాఠం: డిర్క్ నోవిట్‌స్కీ ఒంటికాలి షాట్

ఇప్పటివరకు మూడు పాఠాల్లో బంతిని వేళ్ల మీద నిలుపుకోవడం, మోకాళ్ల వంపు నుంచి బలం తీసుకోవడం, రింగుకు దగ్గరగా నిలబడి ఒంటి చేత్తో బంతిని పైకి వదలడం సాధన చేశాం. ఈ పాఠంలో బంతి ఎంత ఎత్తుగా వెళ్లాలన్న లెక్కను, ఆ లెక్క మీద నిలిచిన ఒక ప్రత్యేకమైన షాట్‌ను నేర్చుకుందాం. ఇందుకు జర్మన్ ఆటగాడు డిర్క్ నోవిట్‌స్కీ ఆటజీవితాన్నే పాఠ్యంగా తీసుకుంటున్నాను. 2.13 మీటర్ల ఎత్తున్న మనిషికి ఈ ఆట సులువే కదా అని కొందరికి అనిపించవచ్చు. అంత ఎత్తున్నవాళ్లు అమెరికా వృత్తి ఆటగాళ్ల లీగ్ ఎన్.బి.ఎ.లో ఎందరో ఆడారు. అయితే రింగుకు దూరంగా నిలబడి, మీదికి వస్తున్న డిఫెండర్ (అడ్డుకునే ప్రత్యర్థి) చేతుల మీదుగా, 21 సీజన్ల పాటు అంత నిలకడగా బంతిని వేసినవారు వాళ్లలో మరొకరు లేరన్నది నా అభిప్రాయం. 2019లో ఆట విరమించేనాటికి ఆయన చేసిన 31,560 పాయింట్లు ఆ లీగ్ చరిత్రలో అప్పటికి ఆరో స్థానంలో ఉన్నాయి. ఆయనకు మెరుపువేగం లేదు, అమాంతం గాల్లోకి లేచే దూకుడూ లేదు. ఆయన షాట్‌ను ఒక గురువు, ఒక శిష్యుడు కలిసి ఏళ్ల తరబడి భాగాలుగా కూర్చారు కాబట్టి దాన్ని విడదీసి చూడడం, మన శరీరానికి తగినట్టు మళ్లీ కూర్చుకోవడం సాధ్యమే.

నోవిట్‌స్కీ 1978 జూన్ 19న బవేరియాలోని వ్యుర్ట్స్‌బుర్గ్ నగరంలో పుట్టారు. తల్లి జర్మనీ జాతీయ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడారు, తండ్రి హ్యాండ్‌బాల్ ఆటగాడు. డిర్క్ కూడా మొదట హ్యాండ్‌బాల్, టెన్నిస్ ఆడి ఆ తర్వాతే ఈ ఆటకు వచ్చారు. టీనేజీలో ఆయన ఆడుతుండగా చూసి, నేర్పడానికి ముందుకు వచ్చిన వ్యక్తి హోల్గర్ గెష్విండ్నర్. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో పశ్చిమ జర్మనీ తరఫున ఆడిన గెష్విండ్నర్ గణితం, భౌతికశాస్త్రం చదువుకున్నారు. బాంబెర్గ్ దగ్గరి రాటెల్స్‌డార్ఫ్ అనే చిన్న ఊళ్లోని బడి వ్యాయామశాలలో ఇద్దరూ సాధన చేసేవారు. శిష్యుడు ప్రపంచప్రసిద్ధుడైన తర్వాత కూడా సీజన్ ముగియగానే వేసవిలో అక్కడికే తిరిగి వచ్చేవాడు. సంగీతం నేర్చుకోమని, పుస్తకాలు చదవమని గురువు పట్టుబట్టేవారు. షాట్‌లోనూ ఒక లయ ఉంటుందని, దాన్ని శరీరం పట్టుకోవాలని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని పాఠం చివర సాధనలో వాడుకుందాం, ముందుగా ఆయన లెక్కను చూద్దాం.

గెష్విండ్నర్ తనను తాను అడిగిన ప్రశ్న ఇది: చేతినుంచి బంతి వెళ్లేటప్పుడు చిన్నపాటి తప్పు జరిగినా అది రింగులో పడాలంటే ఏ కోణంలో వదలాలి? రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు, పురుషుల బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. నిటారుగా పైనుంచి పడే బంతికి 45 సెంటీమీటర్ల వాకిలీ పూర్తిగా తెరిచి ఉంటుంది. బంతి వాలుగా వచ్చేకొద్దీ దానికి ఎదురయ్యే వాకిలి సన్నబడుతుంది. 45 డిగ్రీల కోణంలో దిగే బంతికి దాదాపు 32 సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది, అంటే బంతి పోగా 8 సెంటీమీటర్లు మిగులుతాయి. 40 డిగ్రీలకు ఆ మిగులు 5 సెంటీమీటర్లకు తగ్గుతుంది. 32, 33 డిగ్రీల దగ్గర మిగులు పూర్తిగా పోతుంది కాబట్టి, అంతకన్నా చదునుగా వచ్చే బంతి రింగును తాకకుండా లోపలికి వెళ్లే ప్రసక్తే లేదు. అలాగని బంతిని ఆకాశానికి విసరడం కూడా పరిష్కారం కాదు. ఎంత ఎత్తుకు పంపితే అంత ఎక్కువ బలం పెట్టాలి, బలం పెరిగేకొద్దీ చేయి అదుపు తప్పుతుంది. ఈ రెండింటి మధ్య తనకు సరిపడే చోటును ఎవరికి వారే వెతుక్కోవాలి.

ఇక్కడ పొట్టివాళ్లు జాగ్రత్తగా గమనించవలసిన విషయం ఒకటుంది. రింగు నేలకు 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. ఫ్రీ త్రో గీత (ఫౌల్‌కు బదులుగా, ఎవరూ అడ్డుపడకుండా షాట్ వేసే గీత) దగ్గర 2 మీటర్ల ఎత్తున బంతిని వదిలే ఆటగాడు, అది 40 డిగ్రీల కోణంలో రింగులోకి దిగాలనుకుంటే సుమారు 53 డిగ్రీల కోణంలో పైకి పంపాలి. అదే బంతిని 2.7 మీటర్ల ఎత్తున వదిలే నోవిట్‌స్కీ వంటి వ్యక్తికి 45 డిగ్రీలు చాలు. గాలి నిరోధాన్ని పక్కనబెట్టి వేసిన లెక్క ఇది, మన అవసరానికి ఇంతకన్నా సూక్ష్మత అక్కర్లేదు. అందువల్ల టీవీలో పొడవాటి ఆటగాళ్ల బంతి ఎంత ఎత్తుకు లేస్తుందో చూసి అదే వంపును అనుకరించకండి. మీరు ఎంత పొట్టిగా ఉంటే మీ చేయి అంత పైకి చూడాలి. మన కోర్టుల్లో పిల్లలు ఛాతీ దగ్గరినుంచి బంతిని ముందుకు నెట్టడం చూసినప్పుడల్లా ఈ లెక్కను బడిలోనే, సైన్ విలువలు నేర్పే రోజునే చెప్పాలని బలంగా అనిపిస్తుంది.

ఇక నోవిట్‌స్కీ కథ విషయానికి వస్తే, 1998 మార్చిలో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో జరిగిన నైకీ హూప్ సమ్మిట్ పోటీలో ఆయన 33 పాయింట్లు, 14 రీబౌండ్లు (గురితప్పిన బంతిని తిరిగి అందుకోవడం) సాధించారు. అంతవరకు జర్మనీలో రెండో అంచె లీగ్‌లో ఆడుతున్న కుర్రాడిని అమెరికా జట్లన్నీ ఒక్కసారిగా గుర్తించాయి. ఆ ఏటి డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే ప్రక్రియలో) మిల్వాకీ బక్స్ ఆయనను 9వ స్థానంలో ఎంచుకుని, వెంటనే డల్లాస్ మావరిక్స్‌కు మార్పిడి చేసింది. మొదటి సీజన్ కష్టంగా గడిచింది, సగటు 8.2 పాయింట్లు మాత్రమే. రెండో ఏడాది అది 17.5కు చేరింది. 2002 ప్రపంచ పోటీల్లో జర్మనీకి కాంస్యం, 2005 యూరప్ పోటీ యూరోబాస్కెట్‌లో రజతం దక్కినప్పుడు రెండుసార్లూ ఉత్తమ ఆటగాడు ఆయనే. 2006–07 సీజన్‌లో డల్లాస్ 67 మ్యాచ్‌లు గెలిచింది, ఆయన లీగ్ ఎం.వి.పి. (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యారు. ఆ సీజన్‌లో ఆట నడుస్తుండగా వేసిన షాట్లన్నిటిలో 50.2 శాతం, మూడు పాయింట్ల గీత వెనకనుంచి 41.6 శాతం, ఫ్రీ త్రోల్లో 90.4 శాతం గురి సాధించారు. ఇంత చేసిన జట్టు, టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్ మొదటి రౌండ్‌లోనే గోల్డెన్ స్టేట్ వారియర్స్ చేతిలో ఓడిపోయింది.

ఆ ఓటమి మన పాఠానికి చాలా ముఖ్యం. వారియర్స్ కోచ్ డాన్ నెల్సన్, అంతకుముందు డల్లాస్‌లో నోవిట్‌స్కీని తీర్చిదిద్దినవారే. ఆయన బలం ఎక్కడుందో, ఇబ్బంది ఎక్కడుందో నెల్సన్‌కు బాగా తెలుసు. నోవిట్‌స్కీ కన్నా పొట్టిగా, చురుగ్గా ఉన్న డిఫెండర్లను ఆయనకు అతుక్కుని నిలబడేలా పంపారు. వాళ్లు ఒంటికి ఒళ్లు ఆనించి, బంతిని కిందికి దించిన ప్రతిసారీ చేయి పెట్టారు. ఆ రౌండ్ ఆరో మ్యాచ్‌లో నోవిట్‌స్కీ 13 షాట్లు వేస్తే 2 మాత్రమే పడ్డాయి. ఇలా అతుక్కునే డిఫెండర్ ముందు రెండు కాళ్లు నేలకు ఆనించి, వంగి, లేచి షాట్ వేయడానికి వ్యవధి దొరకదు. ఎవరి సాయమూ లేకుండా తన ముందు తానే చోటు సృష్టించుకోగల షాట్ కావాలి. ఆ తర్వాతి సంవత్సరాల్లో ఆయన ఆటకు కేంద్రమైన ఒంటికాలి ఫేడ్‌అవే (వెనక్కి వాలుతూ వేసే షాట్) ఆ పని చేసింది.

ఇప్పుడు దాన్ని విడదీద్దాం. కుడిచేతివాటం ఆటగాడి కోసం చెబుతున్నాను, ఎడమచేతివాళ్లు తిరగేసి చదువుకోండి. ఫ్రీ త్రో గీతకు ఒక కొసన, రింగుకు వీపు పెట్టి, బంతిని రెండు చేతులతో గడ్డం కిందికి తెచ్చి నిలబడండి. ఎడమ పాదపు మునివేళ్ల మీద బరువు మోపి, ఎడమ భుజం వైపుగా ఒంటిని తిప్పండి. కుడికాలు ముందుకు ఊగుతూ చుట్టూ వస్తుంది. మీరు రింగుకు ఎదురు తిరిగేసరికి ఆ కాలును నేల మీద పెట్టకుండా, మోకాలిని నడుము ఎత్తుకు లేపండి. బంతి కూడా మోకాలితోపాటే పైకి లేవాలి, ఈ రెండింటి కదలిక ఒకేసారి మొదలై ఒకేసారి ఆగాలి. అప్పుడు ఎడమ కాలితో నేలను తన్ని, ఛాతీని కొద్దిగా వెనక్కి వాల్చి, నుదుటి పైనుంచి బంతిని వదలండి. పివట్ పాదంతో (తిరగడానికి నేలకు ఆనించిన ఎడమ పాదంతో) పైకి లేచినా, ఆ పాదం మళ్లీ నేలను తాకేలోగా బంతి చేతిని విడిచిపోతే ట్రావెలింగ్ (బంతి పట్టుకుని నడిచే తప్పు) కాదు.

లేపిన మోకాలు రెండు పనులు చేస్తుంది. డిఫెండర్‌కూ మీకూ మధ్య ఉన్న చోటును అది ఆక్రమించుకుంటుంది కాబట్టి, ఫౌల్ చేయకుండా అతను మీ ఒంటికి ఆనుకోలేడు. అంతకన్నా ముఖ్యంగా, వెనక్కి వాలిన ఛాతీ బరువుకు ముందుకు లేచిన తొడ బరువు సమతూకంగా నిలుస్తుంది. త్రాసులో రెండు తట్టలు తూగినట్టు నడుము మధ్యలో స్థిరంగా ఉండిపోతుంది. మోకాలు సరిగ్గా లేవకపోతే తల వెనక్కి పడిపోతుంది, చూపు రింగును వదిలేస్తుంది, బంతి రింగు ముందంచుకు తగిలి కింద పడుతుంది. కాబట్టి వరసగా షాట్లు ముందంచుకే తగులుతుంటే చేతిని అనుమానించకండి, మోకాలిని చూసుకోండి. మోకాలిని లేపాలే గాని కాలిని ముందుకు చాచకూడదు. చాచిన కాలు డిఫెండర్‌ను తగిలితే ఫౌల్ మీదే, పైగా అతనికి దెబ్బ తగలవచ్చు.

ఈ షాట్‌ను ఆపడం ఎంత కష్టమో 2011లో ప్రపంచం చూసింది. పశ్చిమ విభాగం ఫైనల్ తొలి మ్యాచ్‌లో ఓక్లహోమా సిటీ థండర్ మీద నోవిట్‌స్కీ 15 షాట్లలో 12 రింగులో వేశారు, 24 ఫ్రీ త్రోలకు 24 రింగులో వేశారు, మొత్తం 48 పాయింట్లు చేశారు. ఆ రాత్రి ఆయనను ఆపడానికి ఒకరి తర్వాత ఒకరుగా డిఫెండర్లను మార్చి చూసినా లాభం లేకపోయింది. మయామీ హీట్‌తో జరిగిన ఫైనల్లో ఎడమచేతి మధ్యవేలి స్నాయువు చిరిగినా, నాలుగో మ్యాచ్‌లో జ్వరంతో ఉన్నా ఆడారు. నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది చివరిదైన ఆరో మ్యాచ్. మొదటి సగంలో ఆయన 12 షాట్లు వేస్తే ఒక్కటే పడింది. రెండో సగంలో షాట్‌ను మార్చలేదు, కోణాన్ని మార్చలేదు, అదే కదలికను అలాగే కొనసాగించి 21 పాయింట్లతో ముగించారు. డల్లాస్ తన మొదటి టైటిల్ గెలిచింది, ఫైనల్స్ ఎం.వి.పి. ఆయనకే దక్కింది. లెక్క సరైనదని తెలిసినవాడు పదకొండు షాట్లు తప్పినా లెక్కను అనుమానించడు. సాధనలో మీకు కూడా ఇలాంటి రోజులు వస్తాయి, అప్పుడు షాట్‌ను కొత్తగా మార్చే పని పెట్టుకోకండి.

వచ్చే పాఠం వరకు సాధన ఇలా సాగాలి. మొదటి వారం బంతి లేకుండా తిరగడం, మోకాలు లేపడం, ఎడమ కాలి మీద మూడు లెక్కపెట్టేంత సేపు కదలకుండా నిలవడం మాత్రమే చేయండి. నిలవలేకపోతే తర్వాతి మెట్టుకు వెళ్లవద్దు. సిమెంటు కోర్టు మీద మడమతో దిగకండి, మునివేళ్ల మీద దిగి మోకాలిని వదులుగా ఉంచండి. రెండో వారం బంతి తీసుకుని రింగుకు ఒకటిన్నర మీటర్ల దూరంలో మొదలుపెట్టి, పదింటిలో ఆరు పడిన తర్వాతే ఒక్కో అడుగు వెనక్కి జరగండి. తిరగడం, లేవడం, వదలడం అనే మూడు దశలకు మీకు నచ్చిన పాటలోని తాళాన్ని లోలోపల వేసుకోండి. రాటెల్స్‌డార్ఫ్ గురువు లయ గురించి చెప్పినది ఇక్కడే పనికొస్తుంది. వీలైతే మిత్రుడి చేత పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుని, బంతి చేతిని విడిచిన వెంటనే ఆపి, బంతి పైకి వెళ్తున్న దారి నేలతో చేస్తున్న కోణాన్ని చూసుకోండి. ముందు చెప్పిన 53 డిగ్రీలకు అది చాలా తక్కువగా కనిపిస్తే మోచేతిని ఇంకాస్త పైకి లేపాలి.

ఎదురుగా డిఫెండర్ ఉన్నప్పుడు ఈ షాట్‌కు ముందు వీపుతో ఎలా నెట్టాలో, అతను ఎటు వాలుతున్నాడో భుజంతో ఎలా తెలుసుకోవాలో అయిదో పాఠంలో చెబుతాను. ఈ రెండు వారాల వీడియోలను తుడిచేయకుండా ఉంచుకోండి, ఆ పాఠంలో వాటితో పని ఉంటుంది.