వాలిన రెప్ప ఆపరేషనుకు వచ్చేవాళ్లకు
నర్సుగా నేను ముందు అడిగేది పాత ఫొటో. రెప్ప అప్పుడెక్కడుందో డాక్టరుగారికి తెలుస్తుంది. సాయంత్రానికి మరీ వాలిపోతున్నా, ఒకటి రెండుగా కనిపిస్తున్నా చెప్పండి, కండరాల జబ్బేమో చూడాలి. రక్తం పలచబరిచే మాత్రల సంగతి దాచకండి, సొంతంగా ఆపనూ ఆపకండి.

పెద్దవాళ్లకు చాలావరకు రెప్పకే మత్తు సూది. మధ్యలో "కళ్లు తెరవండమ్మా" అంటారు, టెన్షన్ వద్దు, ఎత్తు సరిచూడటానికే.

తర్వాత రెండు రోజులు శుభ్రమైన గుడ్డలో చుట్టిన ఐసు, నొక్కకుండా. పడుకునేటప్పుడు తల ఎత్తుగా. నిద్రలో కన్ను పూర్తిగా మూసుకోకపోవచ్చు, సన్నటి సందులోంచి తెల్లగుడ్డు కనబడుతుంది. అందుకే రాత్రి ఆయింట్‌మెంట్ మానొద్దు. మానితే పొద్దున్నకి కన్ను ఎండి, ఇసుక పడ్డట్టు గరగరలాడుతుంది. కాటుక కొన్నాళ్లు మరిచిపోండి.

నొప్పి ఎక్కువైనా, చూపు తగ్గినా, రక్తం ఆగకపోయినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వచ్చేయండి.